ఈపీడీపీ నుంచి చిత్తరంజన్ పార్క్ దాకా: ఒక కాలనీ పేరు వెనుక చరిత్ర

దక్షిణ ఢిల్లీలో కాల్కాజీ, గ్రేటర్ కైలాస్‌ల పక్కన ఉన్న ఒక కాలనీని ఇప్పుడు అందరూ సీఆర్ పార్క్ అంటారు. దసరా రోజుల్లో రాజధాని జనమంతా అక్కడికే వచ్చినట్టుంటుంది. కాళీ మందిరం, మేళా మైదానం, ఒకటి నుంచి నాలుగు వరకు అంకెలతో పిలిచే మార్కెట్లు, గోదావరి జిల్లాల్లో పులసగా పేరుపడిన ఇలిష్ చేప, మిఠాయి దుకాణాల ముందు వరుసలు. పూర్తి పేరు చిత్తరంజన్ పార్క్. దేశబంధు చిత్తరంజన్ దాస్ పేరు అది.

పాత తరానికి మాత్రం అది ఈపీడీపీ కాలనీ. ఈస్ట్ పాకిస్తాన్ డిస్‌ప్లేస్డ్ పర్సన్స్ కాలనీ అనే మాటకు అది పొడి అక్షరాల రూపం. తూర్పు పాకిస్తాన్ నిర్వాసితుల కాలనీ అని అర్థం. ఆ పేరులోని దేశం 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోవడంతో అంతరించింది. కాలనీ పేరు మాత్రం ఆ తర్వాత కూడా కొన్నేళ్లు కొనసాగింది. చిత్తరంజన్ పేరు 1980లలో వచ్చింది.

ప్రభుత్వ దస్త్రంలో పుట్టిన మొరటు పేరు తీసేసి ఒక మహానాయకుడి పేరు పెట్టుకున్నారని, అందులో వింత లేదని అనిపించవచ్చు. కానీ ఆ రెండు పేర్లూ రెండు వేర్వేరు కాలాల్లో రాజ్యానికి సమర్పించిన రెండు విన్నపాలు. మేమూ నిర్వాసితులమే, మమ్మల్ని లెక్కలోకి తీసుకోండి అన్నది మొదటి పేరు. మేమిక నిర్వాసితులం కాము, ఈ జాతి చరిత్రలో భాగస్వాములం అన్నది రెండో పేరు. బెంగాలీ మాట్లాడేవాడు ఏ దేశస్థుడు అన్న ప్రశ్న రాజధాని వీధుల్లో మళ్లీ వినిపిస్తున్న ఈ రోజుల్లో ఆ రెండు విన్నపాలనూ తిరిగి చదవడం అవసరం.

శరణార్థుల రాజధాని

1941 జనాభా లెక్కల్లో ఢిల్లీ జనాభా 9.18 లక్షలు. 1951 నాటికి 17.44 లక్షలు. పదేళ్లలో దాదాపు రెట్టింపు. అందులో 4.95 లక్షల మంది దేశ విభజన తర్వాత సరిహద్దు దాటి వచ్చినవారు. వారిలో అత్యధికులు పశ్చిమ పంజాబ్, సింధ్, వాయవ్య సరిహద్దు ప్రాంతం నుంచి వచ్చినవారే. అదే సమయంలో లక్షల సంఖ్యలో ముస్లింలు ఢిల్లీ విడిచి వెళ్లిపోయారు. పురానా ఖిలా, కింగ్స్‌వే క్యాంప్ వంటి శిబిరాల్లో మొదలైన శరణార్థుల జీవితం క్రమంగా కాలనీల్లో కుదురుకుంది.

ఆ కాలనీలకు పెట్టిన పేర్లను గమనిస్తే ఒక పద్ధతి కనిపిస్తుంది. ప్రభుత్వం నిర్మించిన వాటికి ఎక్కువగా జాతీయ నాయకుల పేర్లు వచ్చాయి: రాజేంద్ర నగర్, పటేల్ నగర్, లజపత్ నగర్, మాలవీయ నగర్, తిలక్ నగర్. శరణార్థులు పోగొట్టుకున్న ఊళ్ల పేర్లు గుజ్రాన్‌వాలా టౌన్, మియాన్‌వాలీ నగర్, భేరా ఎన్‌క్లేవ్ వంటి చోట్ల మిగిలాయి. ఊరి పేరు పెట్టుకుంటే అది జ్ఞాపకం. నాయకుడి పేరు పెడితే అది పౌరసత్వానికి వేసిన ముద్ర. కొత్త రాజ్యం రెండో దాన్నే ఇష్టపడింది. గాయాన్ని గుర్తుచేసే పేరు కంటే, గాయపడినవాడిని జాతిలో కలిపేసే పేరు పాలకులకు అనుకూలంగా ఉంటుంది.

ఈ పద్ధతికి ఒక మినహాయింపు ఖాన్ మార్కెట్. దానికి వాయవ్య సరిహద్దు ప్రాంత ప్రధానిగా పనిచేసిన డాక్టర్ ఖాన్ సాహెబ్ పేరు పెట్టారు. ఆయన సరిహద్దు గాంధీ ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌కు అన్న. విభజన తర్వాత పాకిస్తాన్‌లోనే ఉండి అక్కడి రాజకీయాల్లో కొనసాగిన ముస్లిం నాయకుడి పేరు, పాకిస్తాన్ నుంచి వచ్చిన హిందూ శరణార్థుల మార్కెట్‌కు నిలవడం ఆనాటి మనుషుల మనసు ఎంత విశాలమో చెబుతుంది.

ఈ జాబితాలో బెంగాల్ ఎక్కడా లేదు. ఢిల్లీలో బెంగాలీలు లేరని కాదు. 1911లో రాజధానిని కలకత్తా నుంచి మార్చినప్పుడు ప్రభుత్వంతోపాటు గుమాస్తాలు కూడా తరలివచ్చారు. కశ్మీరీ గేట్ దుర్గా పూజ 1910లోనే మొదలైంది. గోల్ మార్కెట్, తీమార్‌పూర్ ప్రాంతాల ప్రభుత్వ క్వార్టర్లలో రెండు తరాల బెంగాలీ ఉద్యోగులు జీవించారు. పదవీ విరమణ తర్వాత ఊరికి వెళ్లిపోవచ్చన్నది వారి ధీమా. చాలామందికి ఆ ఊరు ఢాకాలోనో, బరిసాల్‌లోనో, మైమన్‌సింగ్‌లోనో ఉండేది.

1947 ఆగస్టులో ఆ ఊళ్లు మరో దేశంలోకి వెళ్లిపోయాయి. పంజాబీ శరణార్థి రైళ్లలో, కాలిబాటన, నెత్తుటి దారుల గుండా ఢిల్లీ చేరాడు. బెంగాలీ ఉద్యోగి మాత్రం కుర్చీలో కూర్చునే నిర్వాసితుడయ్యాడు. అతడు కదలలేదు, అతడి ఇల్లు సరిహద్దుకు అవతల పడింది. అతడిని నిర్వాసితుడని అనవచ్చునా అన్న సందేహం అక్కడే మొదలైంది.

చట్టం ఎవరిని నిర్వాసితుడంది?

దీనికి చట్టం ఇచ్చిన జవాబు స్పష్టంగా ఉంది. 1954 నాటి నిర్వాసితుల నష్టపరిహార, పునరావాస చట్టం ‘నిర్వాసితుడు’ అన్న మాటను నిర్వచిస్తూ, పశ్చిమ పాకిస్తాన్‌లో చేరిన ప్రాంతం నుంచి 1947 మార్చి 1 తర్వాత వచ్చినవాడని చెప్పింది. తూర్పు పాకిస్తాన్ ఆ నిర్వచనంలో లేదు. పంజాబ్ నుంచి వచ్చినవాడు అక్కడ వదిలిన ఇంటికి, పొలానికి లెక్క చూపి ఇక్కడ పరిహారం కోరవచ్చు. వెళ్లిపోయిన ముస్లింల ఆస్తులతో ఏర్పడిన నిధి అందుకు ఆధారంగా ఉంది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాడికి ఆ హక్కు లేదు.

కారణం రాజకీయం. పంజాబ్‌లో జనమార్పిడి పూర్తయిందని, అది ఇక వెనక్కి తిరగదని రెండు ప్రభుత్వాలూ అంగీకరించాయి. బెంగాల్‌లో అలా జరగకూడదని నెహ్రూ పట్టుబట్టారు. 1950లో తూర్పు బెంగాల్‌లో, పశ్చిమ బెంగాల్‌లో మత కల్లోలాలు చెలరేగాక, ఏప్రిల్ 8న నెహ్రూ, లియాఖత్ అలీ ఖాన్‌ల మధ్య ఒప్పందం కుదిరింది. అల్పసంఖ్యాకులు ఎక్కడివారక్కడే భద్రంగా ఉండాలి, వలస వచ్చినవారు తిరిగి వెళ్లేందుకు వీలుండాలి, వారి ఆస్తి హక్కులు చెక్కుచెదరకూడదు అన్నది దాని సారం. ఆ ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ శ్యామాప్రసాద్ ముఖర్జీ, కె.సి. నియోగీ కేంద్ర మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు.

ఒప్పందం వెనుక ఉన్న ఆశయాన్ని తప్పుపట్టలేం. కోటి మందికి పైగా హిందువులు తూర్పు పాకిస్తాన్‌లోనే ఉన్నప్పుడు, జనమార్పిడికి తలుపు తెరవడమంటే మరో పంజాబ్‌ను ఆహ్వానించడమే. కానీ ఆ ఆశయం ధర చెల్లించింది శరణార్థి. తిరిగి వెళతాడని భావించిన మనిషికి శాశ్వత పునరావాసం ఎందుకు? ఆస్తి హక్కు కాగితం మీద ఉన్నవాడికి పరిహారం ఎందుకు? 1952లో పాస్‌పోర్ట్ పద్ధతి వచ్చింది, 1964లో మళ్లీ అల్లర్లు జరిగాయి. మనుషులు వస్తూనే ఉన్నారు. చట్టం మాత్రం వారిని తాత్కాలికులుగానే చూసింది.

ఈ నేపథ్యంలో ఈపీడీపీ అన్న పేరును మళ్లీ చదవాలి. ఢిల్లీలోని బెంగాలీ ఉద్యోగులు 1954లో సంఘం పెట్టుకుని దానికి ‘తూర్పు పాకిస్తాన్ నిర్వాసితులు’ అని పేరు పెట్టుకున్నప్పుడు, చట్టం పశ్చిమానికే పరిమితం చేసిన మాటను తూర్పుకు కూడా వర్తింపజేశారు. పేరే వాదన అయింది. దరఖాస్తు పైభాగాన శీర్షిక చదివితే చాలు, లోపల ఏం అడుగుతున్నారో తెలిసిపోతుంది.

ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసేవారికి దస్త్రం ఎలా కదులుతుందో తెలుసు. ఏళ్ల తరబడి ప్రయత్నించాక, 1960లలో నగరానికి దూరంగా ఉన్న రాళ్ల నేలలో స్థలం దక్కింది. అప్పట్లో అది బస్సు కూడా సరిగా అందని చోటు. స్థలం కావాలంటే రెండు విషయాలు రుజువు చేయాలి. ఒకటి, తూర్పు పాకిస్తాన్‌లో చేరిన ప్రాంతం నుంచి నిర్వాసితుడైనట్టు. రెండు, రాజధానిలో జీవనోపాధి ఉన్నట్టు. అలా రెండు వేలకు పైగా ప్లాట్లు కేటాయించారు.

రెండో షరతును గుర్తుంచుకోవాలి. ఈ కాలనీ నిలువ నీడ లేనివారి కోసం ఏర్పడలేదు. ఉద్యోగం, చదువు, కాగితం ఉన్నవారికి అది దక్కింది. కాగితం లేనివారి కథ మరో చోట నడిచింది.

అంకెలే పేర్లయిన ఊళ్లు

అదే కాలంలో, అదే తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన రైతులను, కూలీలను, జాలరులను ప్రభుత్వం అడవులకు పంపింది. వారిలో ఎక్కువమంది నామశూద్రులు. 1958లో మొదలైన దండకారణ్య పథకం కింద ఒడిశాలోని కోరాపుట్, అప్పటి మధ్యప్రదేశ్‌లోని బస్తర్ జిల్లాల్లో వారికి ఊళ్లు కట్టారు. నీటి మనుషులకు ఎర్రమట్టి మెట్టభూములు ఇచ్చారు. అది ఆదివాసుల నేల అన్న విషయాన్ని పథకం రాసినవారు పెద్దగా పట్టించుకోలేదు.

ఆ ఊళ్లకు పేర్లు పెట్టలేదు, అంకెలు వేశారు. మల్కన్‌గిరి ప్రాంతంలోవి ఎంవీ, ఉమర్‌కోట్ ప్రాంతంలోవి యూవీ, పరల్‌కోట్ ప్రాంతంలోవి పీవీ. మల్కన్‌గిరి విలేజ్‌కు పొడి అక్షరాలు ఎంవీ. ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉన్న మల్కన్‌గిరి జిల్లాలో ఈనాటికీ ఊరి పేరేమిటని అడిగితే ఎంవీ ఫలానా నంబరని చెబుతారు. ఎంవీ-79 పేరుతో ఏకంగా పోలీస్ స్టేషనే ఉంది. అరవై ఏళ్లు దాటినా పథకంలోని క్రమసంఖ్యే ఊరి పేరుగా నిలిచిపోయింది.

కలకత్తా శివార్లలో మరో రకం శరణార్థులు ఖాళీ భూములను ఆక్రమించి గుడిసెలు వేసుకున్నారు. వారు తమ బస్తీలకు నేతాజీ నగర్, ఆజాద్‌గఢ్, విజయ్‌గఢ్, బాఘా జతిన్ అని పేర్లు పెట్టుకున్నారు. నేతాజీ పేరున్న బోర్డును బుల్‌డోజర్‌తో తొక్కించడానికి ఏ ప్రభుత్వమైనా ఒక క్షణం ఆలోచిస్తుంది. కాగితం లేనివాడికి పేరే పట్టా.

మూడు రకాల శరణార్థులు, మూడు రకాల పేర్లు. ఉద్యోగి దరఖాస్తు పెట్టి పేరు సంపాదించాడు. ఆక్రమణదారు పోరాడి పేరు పెట్టుకున్నాడు. అడవికి పంపబడినవాడికి అంకె మిగిలింది. దండకారణ్యాన్ని విడిచి సుందర్‌బన్‌లోని మరీచ్‌ఝాపీ దీవికి చేరిన వేలాది మందిని 1979లో వామపక్ష ప్రభుత్వం బలప్రయోగంతో ఖాళీ చేయించింది. ఎందరు చనిపోయారన్న దానిపై ఇప్పటికీ వివాదం తీరలేదు. ఆ ఘటన జరిగిన కాలంలోనే ఢిల్లీలో ఈపీడీపీ కాలనీ ఇళ్లు, గుడి, బడి, మార్కెట్లతో నిలదొక్కుకుంటోంది. ఒకే విభజన, ఒకే భాష, ఒకే మతం. కులం, వర్గం వేరు కావడంతో గతులు వేరయ్యాయి.

కాకినాడలో ఓడిన ఒప్పందం

ఇక రెండో పేరు. తూర్పు బెంగాల్ మూలాలున్న కాలనీకి చిత్తరంజన్ దాస్ పేరు సహజంగా అతుకుతుంది. ఆయన 1870లో కలకత్తాలో పుట్టినా, కుటుంబం ఢాకా జిల్లా విక్రమ్‌పూర్ ప్రాంతంలోని తెలిర్‌బాగ్‌ది. అది నేటి బంగ్లాదేశ్‌లోని మున్షీగంజ్ జిల్లా. అంటే ఆయన పేరు పైకి జాతీయ నాయకుడి పేరు, లోపల పోగొట్టుకున్న నేల పేరు కూడా. గుజ్రాన్‌వాలా టౌన్, లజపత్ నగర్ రెండూ ఈ ఒక్క పేరులో ఉన్నాయి.

అలీపూర్ బాంబు కేసులో అరవిందుడి తరఫున వాదించిన బారిస్టర్‌గా, సహాయ నిరాకరణ కోసం లక్షలు కురిపించే వృత్తిని వదిలిన త్యాగిగా, మోతీలాల్ నెహ్రూతో కలిసి స్వరాజ్య పార్టీ పెట్టిన నాయకుడిగా దాస్ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తారు. కానీ విభజన బాధితుల కాలనీకి ఆయన పేరు పెట్టినప్పుడు తలచుకోవలసిన అసలు అధ్యాయం వేరే ఉంది.

1923 డిసెంబరులో దాస్ బెంగాల్ ముస్లిం నాయకులతో ఒక ఒప్పందం కుదుర్చుకున్నారు. చరిత్రలో అది బెంగాల్ ఒడంబడిక. శాసన మండలిలో జనాభాను బట్టి, ప్రత్యేక నియోజకవర్గాల ద్వారా ప్రాతినిధ్యం. స్థానిక సంస్థల్లో ఆ ప్రాంతంలో అధికసంఖ్యాకులకు 60 శాతం, అల్పసంఖ్యాకులకు 40 శాతం. ప్రభుత్వోద్యోగాల్లో ముస్లింలకు 55 శాతం. ఆ వాటా పూరించే వరకు కొత్త నియామకాల్లో 80 శాతం వారికే. మసీదుల ముందు వాయిద్యాలు మోగించరాదు. మతపరమైన బలి కోసం జరిగే గోవధకు ఆటంకం కలిగించరాదు. బెంగాల్ జనాభాలో సగానికి పైగా ముస్లింలే అయినా, ఉద్యోగాలు, చదువు, భూమి ప్రధానంగా సవర్ణ హిందువుల చేతుల్లో ఉండేవి. ఆ అసమానతను సరిచేయకుండా స్వరాజ్యం గురించి మాట్లాడడం వ్యర్థమని దాస్ గ్రహించారు. నేటి భాషలో చెప్పాలంటే అది సామాజిక న్యాయ సూత్రం.

ఆ నెల చివర కాకినాడలో అఖిల భారత కాంగ్రెస్ మహాసభ జరిగింది. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షుడు, కొండా వెంకటప్పయ్య ఆహ్వాన సంఘాధ్యక్షుడు. తెలుగు నేల మీద జరిగిన ఆ మహాసభ పేరు చెబితే ఇక్కడివారికి స్వచ్ఛంద సేవకుల ఉత్సాహం, ఆంధ్రుల ఆతిథ్యం గుర్తొస్తాయి. బెంగాల్ చరిత్రలో మాత్రం ఆ సభ స్థానం వేరు. దాస్ ఒడంబడికను కాంగ్రెస్ తిరస్కరించిన చోటు అది. హిందువులు ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువ ఇచ్చేశారని, దేశమంతటికీ సంబంధించిన విషయాన్ని ఒక రాష్ట్రం తేల్చడమేమిటని విమర్శలు వచ్చాయి. తీర్మానం నుంచి బెంగాల్ ఒడంబడికను తొలగించగలరేమో గాని కాంగ్రెస్ నుంచి బెంగాల్‌ను తొలగించలేరని దాస్ ఆ సభలో హెచ్చరించారు.

ఆయన అక్కడితో ఆగలేదు. 1924లో సిరాజ్‌గంజ్‌లో బెంగాల్ కాంగ్రెస్ చేత ఒడంబడికను ఆమోదింపజేశారు. అదే ఏడాది కలకత్తా కార్పొరేషన్ తొలి మేయరయ్యారు. డిప్యూటీ మేయరుగా హుసేన్ షహీద్ సుహ్రావర్దీ, ప్రధాన కార్యనిర్వహణాధికారిగా సుభాష్ చంద్ర బోస్. ఆ ముగ్గురూ ఒకే భవనంలో ఒకే పాలన నడిపారన్నది నేడు నమ్మశక్యంగా ఉండదు. 1925 జూన్ 16న డార్జిలింగ్‌లో దాస్ మరణించారు. వయసు 54. ఏడాది తిరగకముందే కలకత్తాలో మత కల్లోలాలు. 1926లో కృష్ణనగర్ సభలో బెంగాల్ కాంగ్రెసే ఆ ఒడంబడికను రద్దు చేసింది.

తర్వాతిది తెలిసిన కథే. దాస్ దగ్గర డిప్యూటీ మేయరుగా పనిచేసిన సుహ్రావర్దీ 1946లో ముస్లిం లీగ్ ప్రభుత్వానికి అధినేతగా ఉండగా, ఆగస్టు 16న కలకత్తా నరమేధం మొదలైంది. 1947లో దాస్ అనుచరుడైన శరత్ చంద్ర బోస్, అదే సుహ్రావర్దీతో కలిసి బెంగాల్‌ను విడదీయకుండా ఉంచాలని చివరి ప్రయత్నం చేశారు. అప్పటికే కాలం మించిపోయింది. జూన్ 20న బెంగాల్ శాసనసభ్యులు విభజనకు ఓటు వేశారు.

దాస్ బతికుంటే విభజన ఆగేదని చెప్పడం చరిత్ర కాదు, కోరిక. ఒడంబడిక కూడా లోపం లేనిది కాదు. ప్రత్యేక నియోజకవర్గాలను అది అంగీకరించింది, ముస్లిం రైతును కాక ముస్లిం విద్యావంతుడినే ఎక్కువగా దృష్టిలో పెట్టుకుంది. కానీ ఒక్క విషయం కాదనలేం. అధికారం పంచుకోకుండా కలిసి ఉండలేమని బెంగాల్‌లో ముందుగా చెప్పి, ఆ పంపకాన్ని శాతాల్లో రాసి చూపిన హిందూ నాయకుడాయన. ఆ మాట వినని ఫలితంగా నిర్వాసితులైనవారి కాలనీకి ఆయన పేరే దక్కింది.

రెండు పేర్లు, కొద్దిపాటి దూరం

చిత్తరంజన్ పార్క్ నుంచి కొద్ది కిలోమీటర్లు ఉత్తరానికి వెళితే లజపత్ నగర్ వస్తుంది. పంజాబీ శరణార్థుల కాలనీల్లో పేరెన్నికగన్నది. 1923లో దాస్ ఒడంబడికకు పోటీగా కాకినాడ సభ ముందుకు వచ్చిన జాతీయ ఒడంబడిక ముసాయిదాను రాసినవారు డాక్టర్ అన్సారీ, లాలా లజపత్ రాయ్. మరుసటి ఏడాది ‘ట్రిబ్యూన్’ పత్రికలో రాసిన వ్యాసాల్లో, ప్రత్యేక నియోజకవర్గాల డిమాండ్ సాగితే పంజాబ్‌ను ముస్లిం, హిందూ ప్రాంతాలుగా విడదీయడం మేలని లజపత్ రాయ్ సూచించారు. ఆయన ఉద్దేశం వేరే దేశం కాదు, సమాఖ్యలో వేరే రాష్ట్రాలు. లాఠీ దెబ్బలు తిని 1928లో కన్నుమూసిన ఆ దేశభక్తుడిని విభజనకు బాధ్యుడిగా చూపడం అన్యాయం. అయినా, పంజాబ్ పంపకం గురించి అంత ముందుగా రాసిన నాయకుడి పేరు పంజాబ్ పంపకంలో ఇల్లు పోగొట్టుకున్నవారి కాలనీకి, కలిసి బతికే సూత్రం రాసిన నాయకుడి పేరు బెంగాల్ పంపకంలో ఊరు పోగొట్టుకున్నవారి కాలనీకి వచ్చాయి. ఆ పేర్లు పెట్టినవారు ఇదంతా ఆలోచించి ఉండరు. ఒక నాయకుడిని బోర్డు మీదికి ఎక్కించే క్రమంలో ఆయన వాదన కింద పడిపోతుంది. అమరుడు మిగులుతాడు, ఆయన దేనికోసం వాదించాడో మిగలదు.

2025లో ఆ పేర్ల విలువ

2025 ఏప్రిల్‌లో సీఆర్ పార్క్ చేపల మార్కెట్ జాతీయ వార్త అయింది. గుడి పక్కన చేపలు అమ్మడమేమిటని కొందరు దుకాణదారులను బెదిరిస్తున్నట్టున్న వీడియోను తృణమూల్ ఎంపీ మహువా మొయిత్రా బయటపెట్టారు. ఆ వీడియో నిజమైనది కాదని బీజేపీ వాదించింది. వీడియో సంగతి ఎలా ఉన్నా, కాళికి మేకను, దుర్గకు చేపను నైవేద్యం పెట్టే ఆచారాలున్న సమాజం తన మతాన్ని రాజధానిలో వేరొకరికి వివరించుకోవలసి రావడం కొత్త.

మూడు నెలలకు, జులైలో, వసంత్ కుంజ్‌లోని జై హింద్ క్యాంప్ అనే మురికివాడకు కోర్టు ఉత్తర్వు పేరుతో విద్యుత్ నిలిపివేశారు. అక్కడివారిలో అత్యధికులు బెంగాల్‌లోని కూచ్ బిహార్ నుంచి వచ్చిన ముస్లిం కూలీలు, చెత్త ఏరుకునేవారు, ఇళ్లలో పనిచేసేవారు. తాము బంగ్లాదేశీయులం కాదని గుర్తింపు కార్డులు పట్టుకుని విలేకరులకు చూపారు. ఆగస్టులో ఢిల్లీ పోలీసుల లేఖ ఒకటి బయటికి వచ్చింది. పట్టుబడినవారి పత్రాలు ‘బంగ్లాదేశీ భాష’లో ఉన్నాయని, అనువాదకులు కావాలని అందులో ఉంది. రవీంద్రుడి భాషకు, జాతీయ గీతం పుట్టిన భాషకు పొరుగు దేశం పేరు పెట్టారని బెంగాల్‌లో నిరసనలు చెలరేగాయి.

జై హింద్ క్యాంప్ అన్న పేరును కలకత్తా శివార్లలోని నేతాజీ నగర్ పక్కన పెట్టి చూడాలి. అదే ఎత్తుగడ. కాగితం బలం లేనివాడు దేశభక్తి నినాదాన్నే ఇంటి చిరునామాగా పెట్టుకుంటాడు. 1950లలో ఆ ఎత్తుగడ కొంత పనిచేసింది. ఇప్పుడు పనిచేయడం లేదు.

1960లలో ఢిల్లీలో ప్లాటు కావాలంటే తూర్పు బెంగాల్ నుంచి వచ్చినట్టు రుజువు చూపాలి. ఇప్పుడు ఢిల్లీలో ఉండాలంటే అక్కడి నుంచి రాలేదని రుజువు చూపాలి. రెండు సందర్భాల్లోనూ అడిగింది అదే రాజ్యం, చూసింది అదే సరిహద్దు. మధ్యలో మారింది మనిషి మతం, వర్గం. 2003 నాటి సవరణతో అక్రమ వలసదారు అన్న మాట పౌరసత్వ చట్టంలో వేళ్లూనుకుంది. 2019 నాటి సవరణ 2014 డిసెంబరు 31కి ముందు వచ్చిన ముస్లిమేతరులను ఆ మాట నుంచి మినహాయించింది. శరణార్థి, చొరబాటుదారు అన్న రెండు మాటల మధ్య గీతను ఇప్పుడు మతం గీస్తోంది. అయితే భాష విని అనుమానించే కానిస్టేబుల్‌కు ఆ గీత కనిపించదు. బెంగాలీ యాస వినపడితే చాలు. ఆ అనుమానం మొదట జై హింద్ క్యాంప్‌కు వెళ్లింది. సీఆర్ పార్క్ దాకా రాదన్న హామీ ఎక్కడా లేదు. ఆ కాలనీ అసలు పేరే దాని నివాసుల మూలాలకు సాక్ష్యం.

తెలంగాణలో, కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కాగజ్‌నగర్ చుట్టుపక్కల కూడా తూర్పు బెంగాల్ శరణార్థుల ఊళ్లున్నాయి. వాటిలో ఒకదాని పేరు నజ్రుల్ నగర్. దాస్ మరణించినప్పుడు ఆయనను తలచుకుంటూ ‘చిత్తనామా’ అనే కవితా సంపుటి వెలువరించిన కవి కాజీ నజ్రుల్ ఇస్లాం. పశ్చిమ బెంగాల్‌లో పుట్టి, బంగ్లాదేశ్ జాతీయ కవిగా ఢాకాలో కన్నుమూసిన ముస్లిం ఆయన. మతం కారణంగా ఊరు విడిచి వచ్చిన హిందూ రైతులు సిర్పూర్ అడవుల అంచున ఉంటున్న ఊరి పేరులో ఆయన ఉన్నారు.

ఢిల్లీలో దేశబంధు, కాగజ్‌నగర్ దగ్గర నజ్రుల్. నిర్వాసితుల ఊళ్ల మీద నిలిచిన ఈ రెండు పేర్లూ ఒకే మాట చెబుతాయి. తమను వెళ్లగొట్టిన ద్వేషాన్ని వారు పేరుగా పెట్టుకోలేదు. కాకినాడలో ఓడిపోయిన వాదన ఇంకా ఎక్కడైనా బతికి ఉందంటే, అది ఆ బోర్డుల మీదే.